నాంపల్లి ఇరానీ హోటల్: చాయ్‌కి నాలుగు స్టార్లు, టేబుల్‌కి ఐదు

నాంపల్లి స్టేషన్ దగ్గర పాత ఇరానీ హోటల్. డికాక్షన్ వేరే, పాలు వేరే మరిగించి కప్పులో కలుపుతారు. చిక్కగా ఉంటుంది, నాకైతే తీపి ఎక్కువే. ఉస్మానియా బిస్కెట్ తాజా. లుఖ్మీ (కీమా పెట్టిన నలుచదరపు సమోసా లాంటిది) మాత్రం చల్లారిపోయింది.

ఇక్కడ టేబుల్ మనదే అనుకోకూడదు, ఎవరైనా వచ్చి కూర్చుంటారు. మొన్న అయ్యప్ప మాలలో ఉన్న మా తమ్ముడు నాకు తోడుగా ఊరికే కూర్చున్నాడు. వాడి ఫోన్లో ఎన్నికల వీడియో గట్టిగా మోగుతోంది. ఎదురుగా టోపీ పెట్టుకున్న పెద్దాయన ముఖం ముడుచుకోవడం చూసి, "సారీ చాచా" అని ఆపేశాడు. ఆయన బిస్కెట్ల సాసర్ ఇటు జరిపి, మాల చూసి మళ్లీ వెనక్కి లాక్కున్నారు. సంచిలోంచి అరటిపండు తీసి, "ఇది తినొచ్చు కదా బేటా?" అన్నారు. తొక్క వేయడానికి చుట్టుపక్కల డబ్బా లేదు, తమ్ముడు చేతిలోనే పట్టుకున్నాడు.

బేసిన్ దగ్గర సబ్బు కూడా పెట్టండి బాబూ.