4895 పౌడర్: ఏళ్ల తరబడి వాడాక

అమెరికాలో .30-06, .308 రైఫిల్ తూటాలు ఇంట్లో రీలోడ్ చేసుకునేవాళ్లు (కాల్చిన తూటా ఖాళీ కేసులో మళ్లీ మందు, బులెట్ నింపుకునేవాళ్లు) ఒక్క డబ్బాతోనే సరిపెట్టుకోవాలంటే నా ఓటు 4895 అనే తుపాకీమందుకే. దీనికంటే ఎక్కువ వేగం ఇచ్చే మందులున్నాయి, తేలిగ్గా కొలతకొచ్చేవీ ఉన్నాయి. ఇంత ఓర్పున్న మందు మాత్రం అరుదు.

1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెయ్ తొలి పొగరాని మందు ‘పూద్ర్ బి’ తయారుచేశాడు. తర్వాత బ్రిటన్‌లో కార్డైట్ వచ్చింది. మన నీలగిరుల్లో అరవంకాడు ఫ్యాక్టరీకి పేరు తెచ్చిందదే. కానీ తీగల్లా ఉండే ఆ సరుకును ఇంట్లో కొలిచి పోయడం కుదిరే పని కాదు. రీలోడర్లకు కలిసొచ్చింది పొట్టి గొట్టాల్లా కోసిన డుపాంట్ కంపెనీ ఐఎమ్‌ఆర్ (మెరుగైన సైనిక రైఫిల్ మందు) రకం. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యపు గారండ్ రైఫిల్ తూటాల్లో వాడిన 4895 ఆ కోవదే.

గారండ్ బ్యారెల్ మూతి దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి వచ్చే గ్యాసే ఆపరేటింగ్ రాడ్‌ను వెనక్కి నెడుతుంది. మరీ నెమ్మదిగా కాలే మందు వేస్తే బులెట్ ఆ రంధ్రం దాటే సమయానికీ ఒత్తిడి తగ్గదు, రాడ్ వంగిపోతుంది. 4895తో, రీలోడింగ్ మాన్యువల్‌లో గారండ్‌కు ఇచ్చిన లోడ్లకు (మందు కొలతలకు) కట్టుబడితే, ఆ బెడద లేదు.

యుద్ధం ముగిశాక కాన్సాస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ జీవిత బీమా మీద అప్పు తెచ్చి 50,000 పౌండ్ల మిగులు 4895 కొన్నాడు, రైలు పెట్టెల్లో దాచి అమ్మాడు. అందుకే ఈరోజు ఒకే అంకెతో రెండు మందులున్నాయి: హాడ్జ్‌డన్ పేరుతో హెచ్4895, పాత డుపాంట్ కోవలో ఐఎమ్‌ఆర్ 4895. ఒకదాని డేటాతో రెండోది నింపకండి. ఆస్ట్రేలియాలో తయారయ్యే హెచ్4895 ఎండాకాలంలోనూ వేగం పెద్దగా మార్చదు, ఐఎమ్‌ఆర్‌లో ఆ తేడా కనిపిస్తుంది. తక్కువ రీకాయిల్ (వెనక్కి తన్నే దెబ్బ) లోడ్ల కోసం హెచ్4895 గరిష్ఠ చార్జిని (కేసులో పోసే మందు మోతాదును) 60 శాతానికి తగ్గించుకోవచ్చని కంపెనీయే చెబుతోంది. ఆ లెక్క వేరే మందులకు అంటగట్టకూడదు.

చిరాకు పెట్టేది కొలత. గింజ పొడుగు కాబట్టి మెజర్ (మందు కొలిచి పోసే పరికరం) డ్రమ్ తిప్పేటప్పుడు కరకరమని తెగుతుంది, గొట్టంలో అడ్డం పడి ఆగుతుంది. అప్పుడొక కేసుకు తక్కువ, తర్వాతి కేసుకు ఎక్కువ పడుతుంది. కావలసినదానికి అర గ్రెయిన్ తక్కువగా మెజర్‌తో వేసి, మిగతాది ట్రిక్లర్‌తో (గింజగింజగా రాల్చే పరికరంతో) త్రాసు మీదే రాల్చుకోవడం మేలు. పౌండుకు 7,000 గ్రెయిన్లు, తప్పు 0.1 గ్రెయిన్ దాటకూడదు. మొదలుపెట్టే ముందు చెక్ వెయిట్‌తో (బరువు కచ్చితంగా తెలిసిన తూకపు రాయితో) త్రాసు సరిచూసుకోండి. గుండ్రటి గింజల బాల్ పౌడర్లయితే నీళ్లలా పడతాయి, ఒప్పుకోవాల్సిందే.

ఒక భరోసా: .30-06లో మామూలు చార్జి రెండుసార్లు పోస్తే పొంగి బయటపడుతుంది. .38 స్పెషల్ రివాల్వర్ తూటా అలా కాదు. అది పొగ వచ్చే పాతకాలపు నల్ల తుపాకీమందు కోసం పుట్టిన పెద్ద కేసు. 1898 నాటి బుల్స్‌ఐ లాంటి మందు రెండు చార్జీలు పడినా అందులో ఇంకా చోటుంటుంది. టార్చి వేసి ప్రతి కేసులోకీ తొంగిచూడాల్సింది అక్కడ.

పని అవగానే మెజర్‌లో మిగిలినది అదే డబ్బాలోకి పోసేయండి. వదిలేస్తే రేపు అది ఏ మందో గుర్తుండదు. డబ్బా మూత తీస్తే ఈథర్ వాసన రావాలి. ముక్కు మండే పుల్లని వాసనగానీ, తుప్పు రంగు పొడిగానీ, ఎర్రని ఆవిరిగానీ కనిపిస్తే ఆ మందు పాడైనట్టే. దాన్ని మిగతా డబ్బాలకు దూరంగా తీసి వదిలించుకోవాలి, కేసుల్లోకి పోయకూడదు.