డబ్బాకి పట్టినన్ని పుస్తకాలు, నాకు పట్టేసిన నడుము

పోయిన శనివారం మాదాపూర్ వైపు ఒక హాల్లో పెట్టిన పుస్తకాల సేల్‌కి వెళ్లాం, నేనూ మా బావమరిదీ. అక్కడ పుస్తకానికి ధర ఉండదు, డబ్బాకే ధర. చిన్నది 1150, మధ్యది 1850, పెద్దది 2750. డబ్బు కట్టి అట్టడబ్బా తీసుకుని ఎన్ని పడితే అన్ని సర్దుకోవచ్చు, ఒకటే షరతు, మూత చదునుగా పడాలి. పేరు రాయడం లేదు, ఎందుకంటే వాళ్ల మీద నాకున్న ఫిర్యాదు చిన్నది, నా మీద నాకున్నదే పెద్దది.

ముందు పనికొచ్చే సంగతులు చెప్తాను. ప్రవేశం ఉచితం, ఏసీ బాగుంది, కుర్రాళ్లు మర్యాదగా మాట్లాడారు. బల్లల మీద నవలలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, వంటలు, ఆత్మకథలు అన్నీ కలగాపులగం, వెతుక్కునే ఓపిక ఉండాలి. అన్నీ ఇంగ్లీషే, తెలుగు పుస్తకం మచ్చుకి ఒక్కటి కూడా కనబడలేదు, హైదరాబాద్‌లో అమ్ముతూ ఇదేం పద్ధతో నాకర్థం కాలేదు. గట్టి అట్ట పుస్తకాలు చోటంతా తినేస్తాయి, వాటి జోలికి పోకండి. సాయంత్రమైతే బిల్లు దగ్గర వరస చాంతాడంత ఉంటుంది, పొద్దున్నే వెళ్లడం మేలు.

ఇక నా గొడవ. మొదటి గంటలో నాకు నిజంగా కావాల్సినవి తొమ్మిది దొరికాయి, అందులో టాల్‌స్టాయ్ కథల సంపుటం ఒకటి. తొమ్మిదీ చిన్న డబ్బాలో హాయిగా సరిపోయేవి. కానీ నేను తలుపు దగ్గరే, చూడకుండానే, పెద్ద డబ్బాకి డబ్బు కట్టేశాను. సగం పైన ఖాళీ కనబడుతుంటే ప్రాణం ఒప్పలేదు. అక్కణ్నుంచి పుస్తకాలు ఏరడం మానేసి సందులు చూడటం మొదలుపెట్టాను. ఈ పక్కన రెండు వేళ్ల సందుంది, సన్నంగా ఏం దొరుకుతుంది? అలా కుక్కల పెంపకం మీద ఒకటి వచ్చింది. మాకు కుక్క లేదు. జర్మన్ వంటల పుస్తకం వచ్చింది, పైగా అది జర్మన్ భాషలోనే ఉంది. ఒకే డిటెక్టివ్ నవల రెండుసార్లు వేసుకున్నానని ఇంటికెళ్లాక తెలిసింది.

"చాల్లే బావా, ఇవన్నీ ఎప్పుడు చదువుతావ్?" అన్నాడు మావాడు.

"ఊరుకోరా, డబ్బు ఎలాగూ కట్టాంగా" అన్నాను.

మొత్తం 31 పుస్తకాలు. ఒక్కోటి 89 రూపాయలు కూడా పడలేదని మెట్రోలో లెక్కేసి మురిసిపోయాను. అమీర్‌పేటలో రైలు మారాలి కదా, మెట్లు దిగుతుండగా డబ్బా అడుగు ఊడిపోయింది. అడుగున ఒక్క వరసే టేపు వేశారు, వాళ్ల మీద నా ఫిర్యాదు ఇదే. మెట్ల మీద కూర్చుని పుస్తకాలు ఏరుకుంటుంటే ఒక పెద్దాయన ఆగి "ఏం బాబూ, ఇక్కడ షాపు పెడుతున్నారా?" అన్నారు. దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి నడుం పట్టేసింది.

రెండు రోజులు మంచం మీద ఆ టాల్‌స్టాయ్ సంపుటమే చదివాను. 1886లో వచ్చిన ఆ భూమి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పాహోమ్ అనే రైతు బష్కీర్లని, రష్యా గడ్డిమైదానాల్లో ఉండే ఒక జాతివాళ్ల దగ్గరికి నేల కొనడానికి పోతాడు, అక్కడ కొలతల గొడవే లేదు, రోజుకి వెయ్యి రూబుళ్లు, పొద్దున బయల్దేరి ఎంత చుట్టివస్తే అంతా నీదే, పొద్దుగుంకేలోగా మొదటి చోటికి రాకపోతే డబ్బు పోయినట్టే. చిన్నప్పుడు చదివి వీడెంత ఆశపోతు అనుకున్నాను. ఈసారి మాత్రం ఒక్క చోట ఆగిపోయాను. ఇక మలుపు తిరుగుదాం అనుకునేసరికి వాడికో తడి పల్లం కనబడుతుంది, అవిసె బాగా పండుతుంది, వదిలేయడం ఎందుకని దాన్నీ కలుపుకుంటాడు. నా రెండు వేళ్ల సందు అదే! వాణ్ని బష్కీర్లు మోసం చేయలేదు, బేరంలో తిరకాసు లేదు, ఎంత అన్నది వాడికే వదిలేశారు, అంతే. చివరికి కోటూ బూట్లూ నీళ్లసీసా టోపీ అన్నీ పారేసి, పార ఒక్కటి పట్టుకుని పరిగెత్తి, చేరనైతే చేరి అక్కడే కూలి చచ్చిపోతాడు. నౌకరు తవ్విన గొయ్యి మూడు అర్షిన్లు. మన లెక్కలో ఏడడుగులు. మనకేమో ఏడడుగులంటే పెళ్లి.

ఇలాంటప్పుడు మనవాళ్లు పోతన వామనుణ్ని గుర్తుచేస్తారు, తృప్తి లేనివాడికి ఏడు దీవులిచ్చినా చాలదని. పద్యం గొప్పదే, కానీ చెప్పింది ఎవరండీ, మూడడుగులడిగి మూడు లోకాలూ లాక్కున్నాయన!

నాకు సరిగ్గా సరిపోయేది హితోపదేశంలో నక్క. వేటగాడు, లేడి, పంది, పాము, నాలుగు శవాలు ఒకేచోట దొరుకుతాయి దానికి. మనిషి ఒక నెలకొస్తాడు, లేడీ పందీ రెండు నెలలకి, పాము ఒక రోజుకి, కాబట్టి ఇవాళ్టికి వింటినారి నమిలి సరిపెట్టుకుందాం అని లెక్కేసి కొరుకుతుంది, నారి తెగి విల్లు గుండెలో దిగుతుంది. నేనూ అంతే, టాల్‌స్టాయ్ అయ్యాక మిగతా మంచివన్నీ తీరిగ్గా చదువుదామని దాచి, ముందు కుక్కల పుస్తకం తెరిచాను.

సేల్‌కి అయిదుకి మూడు చుక్కలు ఇస్తాను. చిన్న డబ్బా తీసుకోండి, గుడ్డసంచి వెంట తీసుకెళ్లండి. కుక్కల పుస్తకం, చెప్పొద్దూ, బాగానే ఉంది. బొమ్మలు చూసి మా అబ్బాయి ఇప్పుడు లాబ్రడార్ కావాలని పట్టుబట్టాడు. మేముండేది రెండు గదుల ఫ్లాట్, అందులో ఒక గది నిండా పుస్తకాలే.