బైకనూర్‌లో ఎన్‌1 ఆనవాళ్లు: వెళ్లొచ్చా?

ఎన్‌1 రాకెట్ కోసం కజకిస్తాన్‌లోని రాకెట్ ప్రయోగ కేంద్రం బైకనూర్ వెళ్లాలనుకునేవాళ్లు ఒక్కటి తెలుసుకోవాలి. అక్కడ చూడటానికి ఆ రాకెట్ లేదు. మనిషిని చంద్రుడి మీదికి పంపాలని సోవియట్ వాళ్లు కట్టిన 105 మీటర్ల రాకెట్ అది. 1969-72 మధ్య నాలుగుసార్లు ఎగిరింది. నాలుగుసార్లూ మొదటి దశ (ముందుగా మండే అడుగు భాగం) పని పూర్తికాకముందే చేజారింది. 1974లో పని ఆపేసి, ఉన్నవి తుక్కు చేశారు.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అల్మటీ మీదుగా కిజిలోర్దా చేరి, అక్కడినుంచి కార్లో వెళ్లాం. దారంతా బోడి మైదానం. కజకిస్తాన్‌కు మనవాళ్లకు 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు గానీ, బైకనూర్‌ను రష్యా అద్దెకు తీసుకుంది కాబట్టి దాని పర్మిషన్ వేరు. ఏజెన్సీ ద్వారా చాలా ముందే పెట్టుకోవాలి. మా ఏజెన్సీ ఆ కాగితం బయల్దేరే ముందురోజు రాత్రి పంపింది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

హోటల్ ఫర్వాలేదు. గది శుభ్రం, వేణ్నీళ్లు పుష్కలం, వైఫై పేరుకే. తిండి దగ్గరే తిప్పలు. పలావు, లగ్మాన్ అనే నూడుల్స్, ఏది చూసినా మాంసమే. శాకాహారులు పొడులు, పచ్చళ్లు పట్టుకెళ్లండి.

ప్రయోగ కేంద్రంలోని రెండో సైట్‌లో ఉన్న మ్యూజియానికి మాత్రం నా ఓటు. పక్కనే సోవియట్ రాకెట్ల ప్రధాన రూపకర్త కొరొల్యోవ్, తొలి వ్యోమగామి గగారిన్ ఉన్న చిన్న ఇళ్లు. ఎన్‌1 ఎందుకు విఫలమైందని అడిగితే గైడ్, 1966లో కొరొల్యోవ్ చనిపోవడం వల్లే అన్నాడు. ఇంధనం విషయంలో రాకెట్ ఇంజిన్ల నిపుణుడు గ్లుష్కోతో ఆయనకు పడకపోవడం, ఇంజిన్లు విమాన ఇంజిన్ల మనిషి కుజ్నెత్సోవ్‌కు అప్పగించాల్సి రావడం కూడా ఉన్నాయిలెండి. నాకైతే అసలు దెబ్బ వేరే అనిపిస్తుంది. 30 ఇంజిన్ల మొదటి దశ మొత్తాన్ని నేలమీద మండించి చూసే స్టాండ్ కట్టనే లేదు. పరీక్ష, ప్రయోగం రెండూ ఒకటే అయ్యాయి. 1969 జూలై 3న రెండోది లేచిన కాసేపటికే తిరిగి ప్రయోగ వేదిక (ప్యాడ్) మీదే కూలింది. అపోలో 11 బయల్దేరడానికి 13 రోజుల ముందు!

ఆ ప్యాడ్‌లున్న 110వ సైట్‌ను తర్వాత ఎనర్జియా అనే మరో సోవియట్ రాకెట్ కోసం మార్చేశారు. మాకు దూరం నుంచే చూపించారు, నిరాశే.

ఊళ్లో పార్కులో మాత్రం ఒక పందిరి ఉంది. దాని గుండ్రటి కప్పు ఎన్‌1 విడిభాగమేనట. కింద నిలబడి తలెత్తితే లోపలివైపు వంపు కనిపిస్తుంది. ఎన్‌1 ఇంధన ట్యాంకులు గోళాకారంలో ఉండేవన్నది గుర్తొచ్చి, అక్కడే చాలాసేపు ఉండిపోయాను. పక్కన పిల్లలు ఐస్‌క్రీం తింటున్నారు, ఎవరికీ పట్టలేదు.

టూర్ జాబితాలో ఈ పందిరి లేదు. బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా అడిగి చేర్పించుకోండి. నడివేసవి, నడిచలికాలం తప్పించి ఏప్రిల్ చివర్లోనో, సెప్టెంబర్‌లోనో పెట్టుకుంటే సుఖం.