లెదర్ మెషిన్ కొనబోతున్నారా, డబ్బు పంపేముందు ఇది చదవండి

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. కోపం చల్లారాక రాస్తే మర్యాద కోసం సగం మింగేస్తాను. అందుకే ఇప్పుడే కూర్చున్నాను.

"ట్రిపుల్ ఫీడ్, సర్వో మోటార్, 8 మిల్లీమీటర్ల తోలు వెన్నలా కుడుతుంది" అని వీడియో పెట్టి సెకండ్‌హ్యాండ్ మెషిన్లు అమ్మే మనిషి ఉన్నాడు కదా. గోధుమరంగు తోలు, తెల్ల దారం, ఎడమచేతికి నల్ల గ్లవ్. మన పని చేసేవాళ్ళలో చాలామంది ఆ వీడియో చూసే ఉంటారు. నేను అతని దగ్గరే కొన్నాను. మోసపోయాను.

ముందు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఆరేళ్ళుగా బ్యాగులు, బెల్టులు చేత్తోనే కుడుతున్నాను. ఆరెతో, అంటే తోలుకు రంధ్రం చేసే మొనదేలిన పనిముట్టుతో పొడవడం, రెండు సూదులతో లాగడం. ఈ మధ్య బొటనవేలి కీలు వాచిపోయి, రాత్రిళ్ళు నిద్రపట్టనంత నొప్పి. చెయ్యి కాపాడుకోవాలంటే మెషిన్ కొనక తప్పదని రెండేళ్ళు డబ్బు దాచాను.

కొనేముందు అడగాల్సినవి అడిగాననే అనుకున్నాను. హ్యాండిల్ దగ్గర మూడు పొరలు వస్తాయి, దాదాపు 8 మిల్లీమీటర్లు, కుడుతుందా అన్నాను. "20 ఔన్సుల దాకా చూసుకోనక్కర్లేదన్నా" అన్నాడు. తోలు మందం కొలతలో ఒక ఔన్సు అంటే దాదాపు 0.4 మిల్లీమీటర్లు. 20 ఔన్సులంటే దాదాపు 8. ఆ లెక్క తెలిసి మాట్లాడుతున్నాడంటే పని తెలిసినవాడే అనిపించింది. ఫీడ్, అంటే తోలును జరిపే ఏర్పాటు, ఏమిటి అంటే "ట్రిపుల్ ఫీడే అన్నా, మీలాంటివాళ్ళ కోసమే" అన్నాడు. డబ్బు అతను మెషిన్లు అమ్మకానికి పెట్టిన సైటులో కాకుండా నేరుగా పంపితే కమిషన్ మిగులుతుందన్నాడు. పంపాను. ఆ ఒక్క పనికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

పెట్టె విప్పగానే చక్రం చేత్తో తిప్పి చూశాను. సూది పైకీ కిందికీ తప్ప ఎటూ కదల్లేదు. అక్కడే గుండె జారిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. బట్టలు కుట్టే మామూలు పవర్ మెషిన్‌లో కింద ఉన్న పళ్ళు ఒక్కటే గుడ్డను జరుపుతాయి. పైన పాదం ఊరికే నొక్కి పట్టుకుంటుంది. తోలుకు అది చాలదు. పైపొర పాదానికి పట్టేసి ఆగిపోతుంది, కింది పొర జరిగిపోతుంది. చివరికి వచ్చేసరికి అంచులు కలవవు. ట్రిపుల్ ఫీడ్‌లో కింది పళ్ళు, సూది, లోపలి పాదం మూడూ కలిసి కదులుతాయి. సూది తోలులో దిగి ఉండగానే పొరలన్నీ ఒక్కటిగా జరుగుతాయి. అందుకే చక్రం తిప్పినప్పుడు సూది ముందుకీ వెనక్కీ ఊగాలి, పాదాలు రెండు కనిపించాలి. నాకొచ్చిన దానికి ఉన్నది ఒకే పాదం. చొక్కాలు కుట్టే మెషిన్.

బల్ల కింద చూస్తే క్లచ్ మోటార్. ఫొటోలో ఉన్నది సర్వో. క్లచ్ మోటార్ స్విచ్ వేసింది మొదలు తిరుగుతూనే ఉంటుంది, పెడల్ కాస్త నొక్కగానే ఒక్కసారిగా పరుగు తీస్తుంది. బ్యాగు మూల తిప్పేటప్పుడు మనకు ఒక్కొక్క కుట్టూ ఆపి ఆపి కావాలి. సర్వోలో వేగం తగ్గించుకోవచ్చు, తొక్కినప్పుడే తిరుగుతుంది. గుడ్డ మీద కుట్టు తప్పితే విప్పి మళ్ళీ వేసుకుంటాం. తోలు మీద సూది దిగిన చోట రంధ్రం ఎప్పటికీ ఉండిపోతుంది.

అయినా ప్రయత్నించాను. మోకాలి లివర్‌తో పాదం లేపి మూడు పొరలూ దూర్చాను. దానితో వచ్చిన 16 నంబర్ సూదిలో నా టెక్స్ 135 (దారం మందం చెప్పే అంకె) నైలాన్ దారం చీలికలై నాలుగో కుట్టుకే తెగింది. ఆ దారానికి 22 లేదా 23 నంబర్ సూది కావాలి. 22 వేస్తే అది వంగి, ప్లేటుకు తగిలి విరిగింది. ముక్క ఎగిరొచ్చి కళ్ళద్దాలకు కొట్టుకుంది. అద్దాలు లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయంగా ఉంది. తోలు తిప్పి చూస్తే అడుగున పళ్ళ గాట్లు వరసగా, ఎంత రుద్దినా పోనంత లోతుగా పడ్డాయి.

ఆ రాత్రి అతని వీడియో మళ్ళీ పెట్టాను. వేగం బాగా తగ్గించి, పది పదిహేనుసార్లు చూశాను. అప్పుడు కనిపించింది. సూది దిగకముందే తోలు మీద రంధ్రాలున్నాయి. సమాన దూరంలో, నేను ఆరెతో పొడిచినట్టే. ముందే పొడిచి పెట్టుకుని, వాటిలోకి సూది దింపుతున్నాడు. పైన పాట పెట్టాడు కాబట్టి మోటార్ చప్పుడు లేదని ఎవరూ గమనించరు. కుడిచెయ్యి ఫ్రేములో ఎక్కడా లేదు, అంటే చక్రం చేత్తో తిప్పుతున్నాడు. ఆ నల్ల గ్లవ్ ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. పాదం కనిపించకుండా అడ్డం పెట్టడానికి. కొనేముందు అదే వీడియో ఎన్నిసార్లు చూసి మురిసిపోయానో. చేతిపని చేసే నాకు పొడిచిన రంధ్రం కనపడలేదు.

మూడు రోజులు అతను నా ఫోన్ ఎత్తలేదు. ఇవాళ మా తమ్ముడి ఫోన్ నుంచి చేశాను.

"చెప్పండన్నా" అన్నాడు, అదే తియ్యటి గొంతు. నేను ఫలానా అని చెప్పగానే, "ఆ, నువ్వా" అన్నాడు.

డబ్బు పంపేదాకా అన్నా, మీరు. ఇప్పుడు నువ్వు. మెషిన్ సంగతి కంటే ముందు ఆ మాట తగిలింది నాకు.

వీడియోలో రంధ్రాలు ముందే పొడిచారు కదండీ అన్నాను. నేను అప్పటికీ అండీ అనే అంటున్నాను. అతను తడుముకోలేదు. "తోలు కుడుతుందని చెప్పా. కుట్టింది కదా? పొడిచింది నేనా మెషినా అని నువ్వడిగావా?" అన్నాడు. మరి ట్రిపుల్ ఫీడ్ అన్నారు కదా అంటే, "పాదం మార్చుకుంటే అదే అవుతుంది" అన్నాడు. అబద్ధం. టెఫ్లాన్ పాదమో రోలర్ పాదమో వేస్తే పల్చటి తోలు కాస్త బాగా జారుతుంది, అంతే. సూదిని కదిలించే ఏర్పాటు మెషిన్ లోపల ఉండాలి. పాదం మారిస్తే రాదు.

వెనక్కి తీసుకోమన్నాను. అప్పుడన్నాడు, "మెషిన్ తొక్కడం రానివాడివి ఎందుకు కొన్నావు? చేత్తో కుట్టుకోక."

చేత్తో కుట్టుకోక. నా చెయ్యి పనికిరాకుండా పోతోందనే మెషిన్ కొంటున్నానని మొదటిరోజే అతనికి చెప్పాను. "అయ్యో అన్నా, జాగ్రత్త, చెయ్యే కదా మనకు అన్నం పెట్టేది" అని అప్పుడు అన్నది కూడా అతనే. డబ్బు పోయినందుకు ఏడుపు రాలేదు. ఆ మాటకు వచ్చింది. ఏదో అనబోయేలోపే ఫోన్ కట్ చేశాడు.

సైటు వాళ్ళకు ఫిర్యాదు పెట్టాను. డబ్బు బయట పంపారు కాబట్టి మా చేతిలో లేదన్నారు. పోలీసు ఫిర్యాదు రేపు ఇస్తాను. చాట్, వీడియో, డబ్బు పంపిన రసీదు అన్నీ దాచిపెట్టాను.

ఆ మెషిన్ చెడ్డదని నేననను. గుడ్డకు చక్కగా కుడుతోంది, పాపం దాని తప్పేముంది. "హెవీ డ్యూటీ" అన్న మాటనే నమ్మకండి, దానికి కొలతంటూ ఏమీ లేదు. ఇంట్లో వాడే చిన్న మెషిన్ల మీద కూడా అదే రాస్తారు, జీన్స్ అంచులు మడిచి కుట్టేపాటి బలమే ఉన్నా సరే.

ఎవరి దగ్గర కొన్నా మీ తోలు ముక్క, మీ దారం పంపి, వీడియో కాల్‌లో మీ కళ్ళముందు కుట్టించండి. చక్రం చేత్తో తిప్పించి సూది, పాదాలు దగ్గరగా చూపించమనండి. మోడల్ నంబర్ ప్లేటు ఫొటో అడిగి, దాని మాన్యువల్‌లో ఫీడ్ ఏమిటో, ఏ సిస్టమ్ (సూది పొడవు, కాడ మందం చెప్పే కోడ్) సూదో, పాదం ఎంత లేస్తుందో చదవండి. వాకింగ్ ఫుట్ మెషిన్లలో (ట్రిపుల్ ఫీడ్‌వి ఈ రకమే) చాలావాటికి 135×17 సూది, తోలును కోసుకుంటూ దిగే తోలు మొన కావాలంటే అదే పొడవున్న 135×16. బట్టల మెషిన్‌కు మామూలుగా డీబీ×1. నాకొచ్చిన సూదుల ప్యాకెట్ మీద డీబీ×1 అని స్పష్టంగా ఉంది. ఆ ప్యాకెట్ ఫొటో ముందే అడిగి ఉంటే చాలు, ఇదంతా జరిగేది కాదు. డబ్బు మాత్రం సైటు బయట పంపొద్దు.

ఇది రాస్తూ మధ్యలో అతని పేజీ చూశాను. అదే వీడియో మళ్ళీ పెట్టాడు, ఈసారి "సిలిండర్ ఆర్మ్" అని పేరు మార్చి. సిలిండర్ ఆర్మ్‌లో కుట్టే చోటు గొట్టంలా ఉంటుంది, ఫ్రేములో కనిపిస్తున్నది బల్లలా చదునైన ఫ్లాట్ బెడ్డే. నేను పెట్టిన కామెంట్ తీసేశాడు. కింద అప్పుడే ముగ్గురు "ఇంకా ఉందా అన్నా" అని అడుగుతున్నారు. ఆ ముగ్గురిలో ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఇవాళ డబ్బు పంపకండి, ముందు నాకు ఒక్క మెసేజ్ పెట్టండి. విరిగిన సూది, తెగిన దారం, ఆ తోలు ముక్క, అన్నీ ఫొటోలు తీసి ఉంచాను.