ఐస్ టీ: కాచి చల్లార్చాలా, ఫ్రిజ్‌లో నానబెట్టాలా?

మే నెలలో బెజవాడలో మధ్యాహ్నం మూడింటికి పొయ్యి దగ్గర నిలబడాలంటే ప్రాణం మీదికొస్తుంది. అలాగని చల్లటి మామిడి టీ మానుకోలేం.

సమయం: కాచితే అరగంట. నానబెడితే 8 నుంచి 10 గంటలు.

పొడి: కాచడానికి ఇంట్లో ఉన్న డస్ట్ టీ చాలు, రెండు నిమిషాల్లో వడకట్టేయండి. నానబెట్టడానికి ఆకు టీ కావాలి, లీటరుకు నాలుగైదు చెంచాలు. ఖర్చు కాస్త ఎక్కువే. డస్ట్ వేస్తే అడుగున మడ్డి దిగుతుంది.

రుచి: అసలు తేడా ఇక్కడే. వేడినీళ్లు వగరును త్వరగా లాగేస్తాయి, ఆ టీ ఫ్రిజ్‌లో పెడితే మసకబారుతుంది కూడా. చల్లటి నీళ్లలో వగరు తక్కువ దిగుతుంది. గ్లాసు ఎత్తి చూస్తే తేనె రంగు, అవతల గోడ మీది క్యాలెండర్ కనిపించేంత తేట. అందులో నూజివీడు చిన్నరసం పిండి, పీచు వడకట్టి కలపండి. గుటక వేయకముందే మామిడి వాసన ముక్కుకు తగులుతుంది! కాచిన టీలో అదే రసం వెనకబడిపోతుంది. దానికి నిమ్మకాయే సరిజోడు.

తీపి: వేడి టీలో పంచదార ఇట్టే కరుగుతుంది. చల్లదానికి పాకం విడిగా పెట్టుకోవాలి.

రిస్క్: నానబెట్టేది ఫ్రిజ్‌లోనే, ఈ ఎండలకు బయట వద్దు. పండ్ల రసం తాగే ముందే కలపాలి.

చుట్టాలు చెప్పకుండా వచ్చినా, మీ వీధిలో కరెంటు తరచూ పోతున్నా కాచండి. ఐస్ కరుగుతుంది కాబట్టి సగం నీళ్లతో చిక్కగా కాచాలి. రేపటి మధ్యాహ్నానికైతే, ఇంట్లో మామిడిపళ్లు మగ్గి ఉంటే, ఈ రాత్రే నానబెట్టండి.