తరగతిలో దుభాషి, సాయంత్రం ట్యూటర్: రెండూ సైగల పనే, కానీ ఒకటి కాదు

వినపడని పిల్లలు చేతి సైగలతో మాట్లాడే భారతీయ సంజ్ఞా భాష వచ్చినవాళ్లకు బడిలో రెండు దారులు: దుభాషి, ట్యూటర్. దుభాషి పని టీచరు మాటను సైగల్లోకి మార్చడం వరకే. టీచరు తప్పు చెప్పినా ఆ తప్పే చేతుల్లోకి రావాలి. సొంత వివరణ కలపకూడదు. ట్యూటర్‌కు ఆ కట్టుబాటు లేదు. పిల్లవాడికి అర్థమయ్యేదాకా బొమ్మ గీయొచ్చు, వెనక్కి వెళ్లొచ్చు.

దుభాషి టీచరు పక్కనే, బోర్డుకు దగ్గరగా నిలబడాలి. వెనక కిటికీ ఉంటే వెలుగుకు ముఖం నల్లబడి ముఖకవళికలు కనిపించవు. చేతుల రంగుకు తేడాగా కనిపించే సాదా చొక్కా మేలు. 20-30 నిమిషాలు దాటితే అలసటతో తప్పులు పెరుగుతాయి, అందుకే పెద్ద పాఠాలకు ఇద్దరు మారుతుండాలి. పాఠం ముందురోజే చేతికి రాకపోతే 'కిరణజన్య సంయోగక్రియ' లాంటి మాట దగ్గర తడబాటు తప్పదు. పిల్లలు నోట్సు రాసుకుంటూ సైగలు చూడలేరు, టీచరు ఆగాలి. ఇది చాలామంది మరిచేదే.

ట్యూటర్‌కు అసలు చిక్కు పిల్లవాడి తెలుగు రాత. సంజ్ఞా భాషలో ప్రశ్నపదం సాధారణంగా చివరికి వస్తుంది, విభక్తులుండవు. అందుకే పిల్లవాడు 'బడికి వెళ్లాను' బదులు 'బడి వెళ్లు' అని రాస్తాడు. అది తెలివితక్కువతనం కాదు, భాషల తేడా. సైగ, బొమ్మ, రాసిన వాక్యం మూడూ పక్కపక్కన పెట్టి రోజుకు నాలుగైదు వాక్యాలే చేయించాలి.

ఒక్కరే రెండూ చేయాల్సొస్తే వేళలు వేరుగా పెట్టుకోవాలి. పరీక్ష హాల్లో ట్యూటర్ అలవాటు బయటపడితే అది జవాబు అందించినట్టే.