గ్యారేజీలో కరెంటు బండిగా మార్చిన పాత కారు కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

కాలిఫోర్నియాలో ఉంటున్న మన తెలుగువాళ్లకు ముఖ్యంగా ఈ హెచ్చరిక. పాతికేళ్ల కిందటో ముప్పై ఏళ్ల కిందటో ఎవరో ఔత్సాహికులు ఇంజిన్ తీసేసి, మోటారు బిగించి, సొంతంగా ఎలక్ట్రిక్‌గా మార్చుకున్న కార్లు ఇప్పుడు కారుచౌకగా అమ్మకానికి వస్తుంటాయి. ఫోక్స్‌వ్యాగన్ రాబిట్, జియో మెట్రో, పోర్షే 914, షెవర్లే ఎస్-10 పికప్ లాంటివి. అలాంటి ఎస్-10 ఒకటి నేను కొన్నాను. "ఒక్క ఛార్జింగ్‌కు 60 మైళ్లు నడుస్తుంది, బ్యాటరీలు బ్రహ్మాండంగా ఉన్నాయి" అని అమ్మినాయన గట్టిగా చెప్పారు. రెండూ అబద్ధాలే. డబ్బు పోయిందన్న బాధ ఒక ఎత్తు. ఆ బండి నడిరోడ్డు మీద నన్ను ప్రమాదంలోకి నెట్టడం మరో ఎత్తు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 60 మైళ్ల సంగతి. ఆ కాలపు బండ్లలో ఎక్కువగా వాడినవి గోల్ఫ్ కార్ట్‌లకు వేసే 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు. ఒక్కొక్కటి దాదాపు 28 కిలోలు. నా బండిలో 20 ఉన్నాయి. అంటే 120 వోల్టులు, 560 కిలోల బరువు. బ్యాటరీ మీద 225 ఆంపియర్ అవర్లు అని ఉంటుంది కాబట్టి వోల్టులతో గుణించి 27 యూనిట్ల కరెంటు పడుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ 225 అనేది 20 గంటల పాటు నిదానంగా వాడినప్పటి లెక్క. రోడ్డు మీద గంటలో లాగేస్తే అందులో సగానికి కాస్త పైన మాత్రమే దక్కుతుంది. పూర్తిగా ఖాళీ చేస్తే ప్లేట్లు దెబ్బతింటాయి కనుక కొంత మిగల్చాలి. చివరికి చక్రాలకు అందేది సుమారు 12 యూనిట్లు. కొత్త బ్యాటరీలతో, ఎండ కాసే రోజున, పికప్‌కు అది 35 నుంచి 40 మైళ్లు. చలికాలంలో ఇంకా తక్కువ. పోల్చి చూడండి: 2011 నాటి నిస్సాన్ లీఫ్ బ్యాటరీ 24 యూనిట్లు, బరువు 300 కిలోల లోపు, అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం 73 మైళ్లు.

ఇక "బ్రహ్మాండమైన" బ్యాటరీలు. అమ్మినాయన వోల్ట్‌మీటర్ పెట్టి చూపించారు. అప్పుడే ఛార్జింగ్ తీసిన బ్యాటరీ ఎంత ముసలిదైనా వోల్టులు నిండుగానే చూపిస్తుంది. నిజం చెప్పేది హైడ్రోమీటర్, అంటే సెల్లులోని యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టం. అంకె తగ్గితే సెల్లు బలహీనమన్నమాట. ఇంటికి తెచ్చాక వెనక తొట్టి పైకి లేపి ఒక్కో మూతా విప్పి చూశాను. మూలనున్న బ్యాటరీకి కేబుల్ బిగించే పోస్టు చుట్టూ ఆకుపచ్చ చిలుము పేరుకుని, కేబుల్ తొడుగు లోపలికి కూడా పాకింది. మధ్య సెల్లులో నీళ్లు అడుగంటి ప్లేట్ల అంచులు బయటికి కనిపిస్తున్నాయి. పక్క సెల్లులు 1.250 దగ్గర చూపిస్తుంటే, డిస్టిల్డ్ వాటర్ పోసి ఛార్జింగ్ పెట్టిన తర్వాత కూడా అది 1.140 దాటలేదు. బ్యాటరీకి మూడు చొప్పున 60 సెల్లులూ ఒకే వరుసలో కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి చస్తే బండంతా దానితోపాటే కుంటుతుంది. యాసిడ్ కారి కింది ఇనుప చట్రం పొరలు పొరలుగా లేచిపోయింది. దాన్ని మాత్రం కొత్తగా నల్లరంగు కొట్టి కప్పేశారు! కొత్త బ్యాటరీలు ఒక్కోటి 200 డాలర్ల చొప్పున చెప్పారు. 20 కొంటే నేను బండికి పెట్టిన ధర దాటిపోతుంది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది, దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. ఆనాటి డీసీ కంట్రోలర్లలో మోటారుకు కరెంటును కొద్దికొద్దిగా వదిలేవి మాస్‌ఫెట్లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు. అవి పాడైనప్పుడు తరచుగా షార్ట్ అవుతాయి. అంటే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసినా మోటారుకు పూర్తి కరెంటు వెళ్తూనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర నాకు అదే జరిగింది. బ్రేకు మీద నిలబడినంత పని చేసి, తాళం తిప్పి ఆపేస్తే కాంటాక్టర్ (బ్యాటరీల కరెంటును కలిపే, తెంచే పెద్ద స్విచ్) విడిపోయి బండి ఆగింది. పక్క నుంచి ఒక తల్లి పిల్లవాణ్ణి తోపుడు బండిలో పెట్టి తోసుకుంటూ దాటుతోంది. ఆ దృశ్యం తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి.

ఇలాంటప్పుడు అలవాటుకొద్దీ ముందుగా క్లచ్ తొక్కకండి. ఇవి సిరీస్ మోటార్లు, లోడు లేకపోతే వేగం అదుపు తప్పి పెరిగి కమ్యుటేటర్ (మోటారు లోపల తిరుగుతూ కరెంటు అందించే రాగి భాగం) ముక్కలవుతుంది. ముందు బ్రేకు, వెంటనే మెయిన్ స్విచ్. ఆ స్విచ్ డ్రైవరు చేతికి అందేలా ఉందో లేదో చూడండి. నా బండిలో అది బానెట్ కింద ఉంది. పైగా ఇళ్లలో వాడే ఏసీ బ్రేకర్ పెట్టారు. ఇక్కడి ఏసీ కరెంటు సెకనుకు 120 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి బ్రేకర్ తెరుచుకోగానే లోపలి మెరుపు ఆరిపోతుంది. డీసీలో ఆ అవకాశమే లేదు, మెరుపు నిలిచి బ్రేకరే కాలిపోవచ్చు. డీసీకి తగిన ఫ్యూజు, బ్రేకరు లేని బండిని నడిపి చూడటం కూడా వద్దు. పాత ఛార్జర్లు కొన్నింటిలో ఐసొలేషన్, అంటే ఇంటి కరెంటును బండి నుంచి వేరుగా ఉంచే ఏర్పాటు, ఉండదు. ఛార్జింగ్‌లో ఉండగా తడి చేత్తో బాడీ ముట్టుకుంటే షాకు కొట్టవచ్చు.

వీటిని తయారుచేసినవారిని నేను తప్పుపట్టను. 1967లోనే వాల్టర్ లాస్కీ శాన్‌హోసేలో ఎలక్ట్రిక్ ఆటో అసోసియేషన్ స్థాపించారు. 1973 చమురు సంక్షోభం తర్వాత ఎందరో సొంత డబ్బుతో, సెలవు రోజుల్లో ఈ పని చేశారు. జనరల్ మోటార్స్ తన ఈవీ1 ఎలక్ట్రిక్ కార్లను వెనక్కి తీసుకుని తుక్కు చేసిన రోజుల్లో కూడా వీళ్ల బండ్లు రోడ్డెక్కుతూనే ఉన్నాయి. అయితే అవి తిరిగింది చేసినవాళ్లు పక్కనే ఉండి నెలనెలా నీళ్లు పోసి, బోల్టులు బిగించి, శబ్దం విని రోగం చెప్పగలిగినందువల్ల. ఆ పెద్దలు ముసలివాళ్లయ్యారు, కొందరు పోయారు. వైరింగ్ పటం ఎవరి దగ్గరా లేదు. నా బండిలో తీగలన్నీ ఒకే రంగు. నేను అడిగిన మెకానిక్కులు ఎవరూ ముట్టుకోనన్నారు.

లిథియం వేసిన తర్వాతి తరం బండ్లు మేలని అనుకోకండి. వాటిలో సెల్లు సెల్లునూ గమనించే బీఎంఎస్ అనే రక్షణ పరికరం లేనివి ఉన్నాయి. ఉబ్బిన సెల్లు ఒక్కటి కనిపించినా వదిలేయండి.

మన దగ్గర, అంటే ఆంధ్ర, తెలంగాణల్లో ఇలా మార్చిన కారు కొనేవారు ఆర్సీలో ఇంధనం "ఎలక్ట్రిక్" అని మారిందో లేదో ముందే చూడండి. ఆమోదం పొందిన కిట్ కాకుండా, రవాణా శాఖ అనుమతి లేకుండా మార్చడం మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కులు వస్తాయి.

చూడటానికి వెళ్లేటప్పుడు హైడ్రోమీటర్ తీసుకెళ్లండి, అన్ని సెల్లులూ చూడనివ్వకపోతే వచ్చేయండి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న గరిష్ఠ బరువును, బండి అసలు బరువును పోల్చండి. బరువు పెరిగినా బ్రేకులు పాతవే ఉంటే కొనకండి. అయినా మనసు లాగితే, మోటారు ధర, సీసం తుక్కు ధర కలిపి అంతవరకే ఇవ్వండి. బే ఏరియాలో ఎవరైనా ఇలాంటి బండి చూడబోతుంటే నాకు కబురు చేయండి, శనివారాలు ఖాళీగానే ఉంటాను, వెంట వస్తాను.